రేఖీయతకు ముందు నిలకడ

చిప్ పేరు పక్కన 12 బిట్లు అనో 16 బిట్లు అనో ముద్రించి ఉన్నంత మాత్రాన అది అంత కచ్చితంగా కొలుస్తుందని నమ్మడం ఎలక్ట్రానిక్స్ సాధనలో చాలా కాలం వెంటాడే పొరపాటు. ఆ సంఖ్య మెట్లెన్నో చెబుతుంది, అంతే. ఆ మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయా, అట్టడుగు నుంచి పై దాకా వాటి మీదుగా గీసిన గీత తిన్నగా సాగుతోందా అన్నది వేరుగా తేల్చుకోవలసిన విషయం. ఈ రెండో గుణాన్నే రేఖీయత అంటారు, పరిశ్రమలో వాడే మాట లీనియారిటీ. వోల్టేజిని అంకెగా మార్చే ఏడీసీకీ, అంకెను తిరిగి వోల్టేజిగా మార్చే డాక్‌కీ ఈ గుణం సమానంగా అవసరం. దీన్ని పెంచుకోవడానికి ఖరీదైన చిప్ కొనడం ఒక మార్గమే అయినా, చాలా సందర్భాల్లో అది చివరి మార్గంగా ఉండవలసింది.

5 వోల్టుల పరిధిని 12 బిట్లతో కొలిచే ఏడీసీలో 4,096 కోడ్‌లు ఉంటాయి కనుక ఒక్కో మెట్టు సుమారు 1.22 మిల్లీవోల్టులు, అదే పరిధికి 16 బిట్లు వాడితే కోడ్‌లు 65,536కు పెరిగి, మెట్టు సుమారు 76 మైక్రోవోల్టులకు తగ్గిపోతుంది. మెట్టుకు ఉండవలసిన ఈ ఆదర్శ పరిమాణాన్ని ఎల్‌ఎస్‌బి అంటారు, దోషాలన్నిటినీ దీనితోనే లెక్కిస్తారు. గీత మొత్తం పైకో కిందికో జరిగి ఉంటే అది ఆఫ్‌సెట్ దోషం, దాని వాలు మారి ఉంటే గెయిన్ దోషం. ఒక కూడికతో, ఒక గుణకారంతో సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండూ సరిపోతాయి కాబట్టి వీటి గురించి పెద్దగా దిగులు పడనక్కరలేదు. వాటిని తీసేశాక కూడా గీతలో మిగిలే వంకరే ఈ అధ్యాయానికి విషయం.

ఆ వంకరను రెండు విధాలుగా కొలుస్తారు. ఒక్కో మెట్టు తన ఆదర్శ పరిమాణం నుంచి ఎంత తేడాగా ఉందో చెప్పేది డీఎన్‌ఎల్. ఆ చిన్న తేడాలన్నీ కూడుతూ పోగా ఏదైనా ఒక కోడ్ దగ్గర గీత నుంచి మొత్తం ఎంత దూరం జరిగామో చెప్పేది ఐఎన్‌ఎల్. ఏడీసీలో ఒక మెట్టు డీఎన్‌ఎల్ మైనస్ 1 ఎల్‌ఎస్‌బికి చేరిందంటే ఆ కోడ్ అసలు ఎప్పటికీ బయటికి రాదు, దాన్ని తప్పిపోయిన కోడ్ అంటారు. డాక్‌లో అదే విలువ మైనస్ 1 కంటే దిగజారితే కోడ్ పెరిగినా వోల్టేజి తగ్గుతుంది. మోటారు వేగాన్నో కొలిమి ఉష్ణోగ్రతనో నియంత్రించే వలయంలో ఇది ప్రమాదకరం, ఎందుకంటే సరిగ్గా ఆ ఒక్క చోట దిద్దుబాటు తలకిందులై, వ్యవస్థ అక్కడే ముందుకూ వెనక్కూ ఊగిసలాడుతుంది. అందువల్ల నియంత్రణ పనుల్లో డీఎన్‌ఎల్‌కూ, తూకం, పీడనం వంటి కొలతల్లో ఐఎన్‌ఎల్‌కూ ఎక్కువ విలువ ఇవ్వడం సమంజసం. ధ్వని పనుల్లో ఐఎన్‌ఎల్ వంకర హార్మోనిక్‌లుగా, అంటే అసలు స్వరానికి రెండు రెట్లు, మూడు రెట్లు పౌనఃపున్యంతో పుట్టే దొంగ స్వరాలుగా వినిపిస్తుంది.

డేటాషీట్ చదివేటప్పుడు ఐఎన్‌ఎల్‌ను ఏ గీత నుంచి కొలిచారో తప్పక చూడాలి. మొదటి, చివరి బిందువులను కలిపే గీతతో పోలిస్తే, దత్తాంశాల మధ్యగా అతికినట్టు గీసిన ఉత్తమ గీత నుంచి కొలిచిన దోషం చిన్నదిగా కనిపిస్తుంది. వంకర విల్లులా ఒకే వైపు వంగి ఉంటే అది దాదాపు సగానికి పడిపోతుంది. కాబట్టి రెండు చిప్‌ల ఐఎన్‌ఎల్ అంకెలను పక్కపక్కన పెట్టే ముందు రెండింటికీ ఒకే కొలమానం వాడారని నిర్ధారించుకోవాలి.

దోషానికి ఉండే రూపం

రేఖీయతను మెరుగుపరచే పనిలో అందరికంటే ముందు నేర్చుకోవలసినది, గరిష్ఠ దోషం ఎంత అనే ఒక్క అంకెతో తృప్తిపడకుండా, కోడ్ వెంబడి ఐఎన్‌ఎల్ ఎలా మారుతోందో గీసి ఆ రూపాన్ని చదవడం. కారణం సాధారణంగా ఆ రూపంలోనే దొరుకుతుంది. వంకర నునుపుగా విల్లులా వంగితే రెసిస్టర్లు తమ వేడికి తామే మారడం, కెపాసిటర్ విలువ వోల్టేజితో మారడం వంటి భౌతిక కారణాలను అనుమానించాలి, ఇటువంటి వంకర నుంచి రెండో హార్మోనిక్ పుడుతుంది. రెండు చివర్లా వ్యతిరేక దిశల్లో వంగితే ముందున్న యాంప్లిఫయర్ పెద్ద సంకేతాలను నొక్కేస్తోందని అర్థం, దీని నుంచి మూడో హార్మోనిక్ వస్తుంది. మధ్య అంతా తిన్నగా ఉండి సున్నా దగ్గర మాత్రమే గీత చదునుగా పడి ఉంటే, ఒకే సప్లై మీద నడిచే యాంప్లిఫయర్ పూర్తిగా సున్నాకు దిగలేకపోతోందన్నమాట.

పరిధిలో సరిగ్గా సగం, పావు, ముప్పావు వంటి చోట్ల గీత తటాలున తెగితే సంగతి వేరు. సక్సెసివ్ అప్రాక్సిమేషన్ పద్ధతిలో పనిచేసే ఏడీసీ, తక్కెడలో పెద్ద రాయితో మొదలుపెట్టి చిన్న రాళ్ల దాకా ఒక్కొక్కటే వేసి చూస్తూ, ఎక్కువైనదాన్ని తీసేస్తూ సరుకు తూచే దుకాణదారు చేసే పనినే కెపాసిటర్లతో చేస్తుంది. 12 బిట్లలో 2,047 నుంచి 2,048కి మారేటప్పుడు అప్పటిదాకా వేసిన 11 చిన్న రాళ్లూ ఒక్కసారిగా తీసేసి వాటి స్థానంలో ఒకే పెద్ద రాయి వేయవలసి వస్తుంది. ఆ పెద్ద రాయి మిగిలిన వాటి మొత్తం కంటే సరిగ్గా ఒక ఎల్‌ఎస్‌బి ఎక్కువ బరువుండకపోతే తేడా అంతా ఆ ఒక్క మెట్టు మీదే పడుతుంది. రాస్ప్‌బెర్రీ పై పీకో బోర్డులోని ఆర్‌పీ2040 చిప్ ఇందుకు బహిరంగంగా నమోదైన ఉదాహరణ. దాని 12 బిట్ల ఏడీసీలో డీఎన్‌ఎల్ చాలా చోట్ల 1 ఎల్‌ఎస్‌బి లోపే ఉన్నా 512, 1,536, 2,560, 3,584 కోడ్‌ల దగ్గర ఒక్కసారిగా ఎగసిపడుతుందనీ, ఫలితంగా పనికొచ్చే బిట్ల సంఖ్య 8.7కు పడిపోతుందనీ తయారీదారులే డేటాషీట్‌లో ప్రకటించారు. ఆ నాలుగు చోట్ల మధ్య దూరం ప్రతిసారీ 1,024 కావడం గమనించదగినది. లోపం నిర్మాణంలోనే ఉందని, నాయిస్ వల్ల వచ్చింది కాదని ఆ క్రమమే చెబుతుంది.

కొలిచే పద్ధతి

డాక్‌ను కొలవడం సులువు, ఓపిక మాత్రం కావాలి. కోడ్‌లను వరుసగా పంపుతూ ప్రతిసారీ వోల్టేజి స్థిరపడేదాకా ఆగి మంచి మల్టీమీటరుతో చదవాలి, ఆ మీటరు రేఖీయత పరీక్షించే డాక్ కంటే కనీసం నాలుగైదు రెట్లు మెరుగ్గా ఉండాలి. 16 బిట్ల డాక్‌లో అన్ని కోడ్‌లూ చదవడం సాధ్యపడకపోతే పెద్ద బిట్లు మారే చోట్లకు ఇరుపక్కలా చదివినా రోగం చాలా వరకు బయటపడుతుంది.

ఏడీసీకి ఇంతకంటే తెలివైన మార్గం ఉంది. జోయీ డోర్న్‌బెర్గ్, హే-సంగ్ లీ, డేవిడ్ హాడ్జెస్ 1984లో వివరించిన ఈ పద్ధతిలో ఏడీసీకి శుద్ధమైన సైన్ తరంగాన్ని ఇచ్చి, లక్షల శాంపిళ్లు సేకరించి, ఒక్కో కోడ్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడతారు. సైన్ తరంగం శిఖరాల దగ్గర ఎక్కువసేపు, మధ్యలో తక్కువసేపు ఉంటుంది. ఏ కోడ్ ఎన్నిసార్లు రావాలో గణితం ముందే చెప్పగలదు కాబట్టి, వచ్చిన సంఖ్యను రావలసిన సంఖ్యతో భాగించి 1 తీసేస్తే ఆ కోడ్ డీఎన్‌ఎల్ దొరుకుతుంది, వాటిని వరుసగా కూడితే ఐఎన్‌ఎల్ వస్తుంది. తిన్నగా పెరిగే వోల్టేజి బదులు సైన్ తరంగాన్నే ఎంచుకోవడానికి ఆచరణాత్మక కారణం ఉంది: సైన్ తరంగంలోని మలినాన్ని ఒక ఫిల్టరుతో కడిగేయవచ్చు, కానీ వంకరగా పెరిగే వోల్టేజిని తిన్నగా చేసే ఫిల్టరు లేదు. తరంగం ఎత్తు ఏడీసీ పరిధిని కొద్దిగా దాటాలి, దాని పౌనఃపున్యానికి శాంప్లింగ్ వేగంతో చిన్న పూర్ణాంక నిష్పత్తి ఉండకూడదు, ఉంటే అవే కొద్ది బిందువులు మళ్లీ మళ్లీ పట్టుబడతాయి. కోడ్‌కు సగటున 100 శాంపిళ్లు వస్తే ఫలితంలో అనిశ్చితి దాదాపు 0.1 ఎల్‌ఎస్‌బి, అంటే 12 బిట్లకు 4 లక్షలకు పైగా శాంపిళ్లు కావాలి. ఈ పద్ధతికి ఒక గుడ్డిచోటు ఉంది. అది కోడ్‌లను లెక్కపెడుతుందే తప్ప అవి వచ్చిన వరుసను చూడదు కనుక, రెండు కోడ్‌లు తారుమారైనా దానికి తెలియదు. ఆ అనుమానం ఉన్నప్పుడు నెమ్మదిగా పెరిగే వోల్టేజిని ఇచ్చి కోడ్‌లు వరుసగా వస్తున్నాయో లేదో విడిగా చూడాలి.

కొలత ఒక్కసారితో ముగియదు. అదే పరీక్షను మర్నాడు, చిప్ వేడెక్కాక, వేగం తగ్గించి, రిఫరెన్స్ మార్చి మళ్లీ చేయాలి, ఎందుకంటే తరువాత ఏ చికిత్స పనికొస్తుందో దోషం పరిమాణం కంటే దాని ప్రవర్తనే ఎక్కువగా నిర్ణయిస్తుంది. నిలకడగా ఉండే దోషాన్ని పట్టిక రాసి తీసేయవచ్చు. చాలా వేగంగా మారే దోషాన్ని సగటులో కరిగించవచ్చు. ఉష్ణోగ్రతతోనో, పక్క ఛానల్ సంకేతంతోనో, సప్లై వోల్టేజితోనో నెమ్మదిగా జారే దోషం ఈ రెండింటికీ లొంగదు, అది పుట్టే చోటే దాన్ని ఆపాలి.

చిప్ చుట్టూ జరిగే తప్పులు

దోషం జారుతోందంటే చాలాసార్లు కారణం చిప్ బయటే ఉంటుంది, అందులోనూ మొదట చూడవలసింది రిఫరెన్స్ వోల్టేజి. సక్సెసివ్ అప్రాక్సిమేషన్ ఏడీసీ ఒక్కో బిట్ తేల్చుకునే ప్రతిసారీ రిఫరెన్స్ పిన్ నుంచి కొంత ఛార్జిని లాగుతుంది, ఎంత లాగుతుందన్నది అప్పటికి తేలిన బిట్ల మీద ఆధారపడుతుంది. రిఫరెన్స్ ఆ ఛార్జిని తక్షణం ఇవ్వలేకపోతే కోడ్‌ను బట్టి కుంగిపోతుంది, ఆ కుంగుబాటు అచ్చంగా చిప్ లోపలి వంకరలాగే కనిపిస్తుంది. రిఫరెన్స్ పిన్‌కు ఆనుకునే, పొడవాటి రాగి దారి లేకుండా, 10 మైక్రోఫారడ్‌ల వంటి తగిన సిరామిక్ కెపాసిటర్ పెట్టడం, అవసరమైతే మధ్యలో తక్కువ నిరోధం గల బఫర్ యాంప్లిఫయర్ చేర్చడం ఇందుకు మందు. చిప్ మార్చాలన్న నిర్ణయానికి ముందు ఈ ఒక్క కెపాసిటర్ స్థానాన్ని సరిచూసుకోవడం ఎంతో లాభం. రెసిస్టర్ల నిచ్చెనతో కట్టిన డాక్‌లలో కూడా రిఫరెన్స్ నుంచి వెళ్లే కరెంటు కోడ్‌తో మారుతుంది కనుక అదే జాగ్రత్త అక్కడా వర్తిస్తుంది.

రెండోది సంకేతాన్ని అందించే దారి. ఏడీసీ ప్రతి శాంపిల్‌కూ లోపలి చిన్న కెపాసిటర్‌ను కొద్ది సమయంలో నింపుకోవాలి, అది పూర్తిగా నిండకముందే తలుపు మూసుకుంటే పాత విలువ కొంత కొత్త విలువలో మిగిలిపోతుంది. అర ఎల్‌ఎస్‌బి లోపు స్థిరపడాలంటే 12 బిట్లకు సుమారు 9 టైమ్ కాన్‌స్టెంట్లు, 16 బిట్లకు దాదాపు 12 పడతాయి. నిరోధాన్ని కెపాసిటర్ విలువతో గుణిస్తే వచ్చే కాలమే టైమ్ కాన్‌స్టెంట్. ఆర్డుయినో ఊనోలోని ఏటీమెగా328పీ చిప్ డేటాషీట్ సంకేత మూలం నిరోధం 10 కిలో ఓమ్‌లు లేదా అంతకు తక్కువ ఉండాలనీ, పూర్తి 10 బిట్ల ఫలితానికి ఏడీసీ గడియారం 50 నుంచి 200 కిలోహెర్ట్‌జ్ మధ్య ఉండాలనీ చెప్పడం వెనక ఇటువంటి లెక్కలే ఉన్నాయి. ఒకే ఏడీసీని అనేక ఛానళ్లకు తిప్పుతూ వాడేటప్పుడు ఒక సెన్సర్ విలువ పక్క సెన్సర్ కోడ్‌లోకి చొరబడితే, దాన్ని వంకరగా భావించి పట్టికలు రాయడం వృథా శ్రమ.

ఆ దారిలో వాడే విడిభాగాల రకం కూడా ముఖ్యమే. ఎక్స్7ఆర్ సిరామిక్ కెపాసిటర్ విలువ దాని మీద పడే వోల్టేజితో మారుతుంది కాబట్టి, సంకేతం నడిచే ఫిల్టరులో దాన్ని వాడితే అదే హార్మోనిక్‌లను పుట్టిస్తుంది. అక్కడ సీ0జీ రకాన్ని వాడాలి, సప్లైకి మాత్రం ఎక్స్7ఆర్ సరిపోతుంది. సప్లై పరిధి మొత్తాన్నీ స్వీకరించే యాంప్లిఫయర్లలో చాలా వాటికి ఇన్‌పుట్ వద్ద రెండు ట్రాన్సిస్టర్ జంటలుంటాయి, వోల్టేజి ఒక హద్దు దాటగానే పని ఒక జంట నుంచి రెండోదానికి మారి అక్కడ ఆఫ్‌సెట్ చిన్నగా గెంతుతుంది. సంకేతాన్ని తలకిందులు చేసే అమరికలో ఇన్‌పుట్ పిన్‌లు ఒకే వోల్టేజి వద్ద నిలిచి ఉంటాయి కనుక ఈ గెంతు ఉండదు.

పరిధి చివర్లను వదులుకోవడం అన్నిటికంటే చవకైన చికిత్స. ఈఎస్‌పీ32 చిప్‌లో 11 డెసిబెల్ తగ్గింపు అమరికకు 150 నుంచి 2,450 మిల్లీవోల్టుల మధ్య కొలవమని తయారీదారు సిఫార్సు చేస్తారు; సెన్సర్ సంకేతం ఆ మధ్య భాగంలోనే తిరిగేలా రెండు రెసిస్టర్లతో సర్దుకుంటే, ఎంత గణితం వాడినా నయం కాని వంకర నుంచి తప్పించుకోవచ్చు. అదే చిప్‌లో రిఫరెన్స్ 1,100 మిల్లీవోల్టులు ఉండవలసింది, ఒక్కో చిప్‌కు 1,000 నుంచి 1,200 దాకా మారవచ్చు. ఒక బోర్డుకు రాసిన దిద్దుబాటును ఇంకో బోర్డుకు అంటించకూడదనడానికి ఇంతకు మించిన కారణం అక్కరలేదు.

చిప్ లోపల

సొంతంగా డాక్ కట్టుకునేవారు ఒక లెక్క వేసుకోవాలి. 16 బిట్ల డాక్‌లో అతి పెద్ద బరువు 32,768 ఎల్‌ఎస్‌బిలు, అందులో ఒక ఎల్‌ఎస్‌బి తప్పంటే పది లక్షలకు సుమారు 30 వంతులు; అంగట్లో దొరికే 1 శాతం రెసిస్టర్‌లో తేడా పది లక్షలకు 10,000 వంతుల దాకా ఉండవచ్చు. ఆ రెసిస్టర్లతో నిచ్చెన కడితే 8 బిట్ల దగ్గరే, పెద్ద బరువు 128లో 1 శాతం అంటే 1.28 ఎల్‌ఎస్‌బి కాబట్టి, కోడ్ పెరిగితే వోల్టేజి పెరుగుతుందన్న హామీ పోతుంది. విడి రెసిస్టర్ల బదులు ఒకే ముక్క మీద తయారైన రెసిస్టర్ నెట్‌వర్క్ వాడితే విలువలు ఒకదానితో ఒకటి బాగా సరిపోవడమే కాక, వేడికి అన్నీ కలిసి మారతాయి.

చిప్ తయారీదారులు ఇదే పోరాటాన్ని మరింత సూక్ష్మంగా చేశారు. ఫిలిప్స్ పరిశోధకుడు మార్సెల్ పెల్‌గ్రోమ్, సహచరులు 1989లో ప్రచురించిన సూత్రం ప్రకారం పక్కపక్కనున్న రెండు ట్రాన్సిస్టర్ల మధ్య తేడా వాటి వైశాల్యపు వర్గమూలానికి విలోమంగా ఉంటుంది, అంటే తేడా సగం కావాలంటే వైశాల్యం నాలుగు రెట్లు కావాలి. వైశాల్యం పెంచి ఒక్కో అదనపు బిట్ సంపాదించడం ఎంత ఖరీదో దీన్నిబట్టి తెలుస్తుంది. అందుకే పెద్ద బిట్లను ఒక్కొక్క బరువుగా కట్టకుండా సమానమైన చిన్న భాగాలుగా విడగొట్టి, కోడ్ పెరిగేకొద్దీ ఒక్కొక్క భాగాన్ని చేరుస్తూ పోయే పద్ధతి వచ్చింది. పై 4 బిట్లకు 15 సమాన భాగాలు వాడితే దేన్నీ తీయకుండా చేర్చడమే ఉంటుంది కనుక సగం దగ్గర పెద్ద తెగుడు పుట్టదు.

ఇంకో దారి దోషాన్ని కావాలనే పరుగెత్తించడం. ఫిలిప్స్‌కే చెందిన రూడీ వాన్ డె ప్లాసె 1976లో వివరించిన పద్ధతిలో, పూర్తిగా సమానం కాని భాగాలను చకచకా ఒకదాని స్థానంలో ఒకటి తిప్పుతూ ఉంటారు, దాంతో ప్రతి భాగమూ ప్రతి స్థానంలో కొంతసేపు పనిచేసి తేడాలు సగటులో సమమవుతాయి. 1980ల ఆరంభంలో ఫిలిప్స్ సీడీ ప్లేయర్లలో వాడిన టీడీఏ1540 ఈ పద్ధతి మీద నడిచిన 14 బిట్ల డాక్. సీడీలోని 16 బిట్ల సంగీతాన్ని దానితో వినిపించడానికి సెకనుకు 44,100గా ఉన్న శాంప్లింగ్ వేగాన్ని నాలుగు రెట్లు, అంటే 176,400కు పెంచి, మిగిలిపోయే దోషాన్ని చెవికి వినిపించని పౌనఃపున్యాల వైపు నెట్టారు. బిట్లు పెంచడం కంటే ఉన్న బిట్లను తిన్నగా ఉంచడమే మేలన్న ఇంజనీరింగ్ తీర్పు అందులో స్పష్టంగా ఉంది. తరువాత వచ్చిన డెల్టా-సిగ్మా పద్ధతి దీన్నే చివరిదాకా తీసుకెళ్లింది: లోపలి డాక్‌కు రెండే స్థాయిలుంటే రెండు బిందువుల మీదుగా ఎప్పుడూ ఒక సరళరేఖే పోతుంది కాబట్టి, అక్కడ మెట్ల తేడాకు తావే లేదు.

సాఫ్ట్‌వేర్ దిద్దుబాటు, దాని హద్దులు

ఎక్కువ శాంపిళ్ల సగటు తీస్తే రేఖీయత దానంతట అదే వస్తుందన్న నమ్మకం విస్తృతంగా ఉంది, అది సగమే నిజం. సంకేతం కదలకుండా, నాయిస్ లేకుండా ఉంటే వెయ్యిసార్లు చదివినా అదే కోడ్ వస్తుంది, అదే తప్పు వస్తుంది. ఒకటి రెండు ఎల్‌ఎస్‌బిల నాయిస్‌ను కావాలని కలిపితే, దీన్నే డిథర్ అంటారు, పక్క మెట్ల డీఎన్‌ఎల్ తేడాలు కొంత కలిసిపోతాయి, కానీ వందల కోడ్‌ల మేర సాగే ఐఎన్‌ఎల్ విల్లు దానివల్ల చెక్కుచెదరదు. ఆ విల్లు మీద కూడా ప్రభావం చూపాలంటే డిథర్ అనేక కోడ్‌ల వెడల్పున తెలిసిన విలువలతో వేసి, తరువాత అంకెలలో తీసేయాలి.

నిలకడగా ఉన్న వంకరకు పట్టిక వాడవచ్చు. నునుపైన వంకరకు రెండో, మూడో ఘాత బహుపది చాలు. ఘాతం ఇంకా పెంచితే కొలిచిన బిందువుల దగ్గర అందంగా అతికి, పరిధి చివర్లలో విపరీతంగా ఊగుతుంది. తెగుళ్లున్న వంకరకు బహుపది పనికిరాదు, ఆ తెగుళ్ల దగ్గరే విడగొట్టి ముక్కముక్కకూ సరళరేఖ గీయాలి. ఏ పట్టికా చేయలేని పని ఒకటుంది. ఏడీసీలో ఒక మెట్టు మరీ వెడల్పయితే ఆ వెడల్పులోని వోల్టేజిలన్నీ ఒకే కోడ్‌గా బయటికి వచ్చి సమాచారం అక్కడే పోతుంది. డాక్‌లో రెండు మెట్ల మధ్య ఖాళీ ఉంటే ఆ ఖాళీలోని వోల్టేజిని ఏ కోడ్‌తోనూ పొందలేం. మెట్లు ఒకదాని మీద ఒకటి పడితే మాత్రం పట్టికతో సరిచేయవచ్చు. అందుకే తమను తాము దిద్దుకునే కొన్ని ఏడీసీలలో ఒక్కో బరువు పక్కదానికి సరిగ్గా రెండు రెట్లు కాకుండా, కావాలనే రెండుకు కొంచెం తక్కువ నిష్పత్తిలో ఉంచుతారు, దాంతో ఖాళీలు పుట్టకుండా అతివ్యాప్తులే మిగులుతాయి.

పట్టిక తయారు చేసిన దత్తాంశాల మీదే దాన్ని పరీక్షిస్తే ఫలితం ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది, కాబట్టి పరీక్షకు వేరే రోజు, వేరే ఉష్ణోగ్రత దగ్గర, వేరే పౌనఃపున్యంతో కొత్తగా సేకరించిన శాంపిళ్లు వాడాలి. పరికరం ఎండలో పెట్టెలో ఉండబోతుంటే పరీక్ష కూడా ఆ వేడిలోనే జరగాలి. పట్టికతో పాటు అది ఏ బోర్డుదో, ఏ రిఫరెన్స్‌తో, ఏ వేగంతో, ఎన్ని డిగ్రీల వద్ద కొలిచారో అదే ఫైలులో నమోదు చేయాలి; వీటిలో ఏదైనా మారిన రోజున పట్టికను నమ్మకుండా, సైన్ తరంగంతో మళ్లీ మొదటి నుంచి కొలవాలి.